"ఆంటీ, ఒక పేజీ వదిలేశారు"

పేరు వేయొద్దంటూ ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. క్లుప్తంగా విషయం ఇది.

ఆవిడకు 43 ఏళ్లు. చిన్నప్పుడు నాన్న కొనిపెట్టిన పుస్తకాలు 30 దాకా ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వాటిలో 11 ఒకే రచయితవి, పిల్లల సాహస కథలు. జ్వరమొస్తే అవే, పరీక్ష తప్పితే అవే, నాన్న పోయిన వారం నిద్రపట్టకపోయినా అవే తీశారు. ఇప్పుడు పదేళ్ల కూతురికి రోజూ రాత్రి ఓ 20 నిమిషాలు వాటినే చదివి వినిపిస్తున్నారు.

కిందటి నెల కూతురి స్నేహితురాలు ఒక రాత్రి వాళ్లింట్లో ఉండిపోయింది. పిల్లలిద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని చదువుతున్నారు. తరవాతి పేజీలో ఏముందో ఆవిడకు కంఠతా వచ్చు. ఆ స్నేహితురాలు ఏ వర్గంలో పుట్టిందో ఆ వర్గం వాళ్లను దొంగబుద్ధులవాళ్లుగా, కంపు కొట్టేవాళ్లుగా వర్ణించే పేరా అది. గబుక్కున రెండు కాగితాలు కలిపి తిప్పేశారు. భుజం మీంచి చూస్తున్న ఆ పిల్ల "ఆంటీ, ఒక పేజీ వదిలేశారు" అని, తనే వెనక్కి తిప్పి చదువుకుంది. ఏమీ అనలేదు. దుప్పటి కప్పుకుని పడుకుంది. ఆ తరవాత మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

ఆ రాత్రే ఈవిడ రచయిత గురించి వెతికారు. ఆ పేరా ఏదో కథ కోసం రాసింది కాదని, ఆయన బయట మాట్లాడినప్పుడూ అవే మాటలన్నాడని తేలింది. "పదకొండూ ఎవరికైనా ఇచ్చెయ్, పీడా పోతుంది" అని భర్త. "అప్పటి రోజులే అంత, ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం" అని అన్నయ్య. "మిగతా కథ ఎప్పుడు చదువుతావమ్మా" అని కూతురు. ఆవిడ అడిగినవి నాలుగు. ఆ పిల్లకు ఏం చెప్పాలి? కూతురికి ఈ పుస్తకాలు చదివించాలా వద్దా? అభ్యంతరకరమైనవి తీసేసిన కొత్త ముద్రణ దొరుకుతోంది, అది కొంటే సరిపోతుందా? ఇంత తెలిశాక కూడా ఆ పుస్తకాల మీద ఇష్టం తగ్గలేదు, అది తప్పా?

సమాధానం

మీరు రచయిత పేరు కూడా రాశారు. ఇక్కడ వేయలేదు. ఆ పేరు బదులు ఇంకో పాతిక పేర్లలో ఏది పెట్టినా ఈ జవాబులో పెద్దగా తేడా రాదు. పైగా పేరు కనబడగానే సగం మంది ఆయన్ను వెనకేసుకొస్తూ, సగం మంది ఉతికి ఆరేస్తూ మీ సంగతి మరిచిపోతారు.

ఆఖరి ప్రశ్న మీద మీరు రెండు పేజీలు రాశారు, మొదటిదాని మీద నాలుగు వాక్యాలు. జవాబు మొదటిదాంతోనే మొదలుపెడదాం. మీ ఇష్టం ఎక్కడికీ పారిపోదు. ఆ పిల్ల విషయానికి మాత్రం ఇప్పటికే నెల దాటింది.

ఆ రాత్రి ఆ పిల్లకు రెండు సంగతులు తెలిశాయి. పుస్తకంలో ఏముందన్నది ఒకటి. అలాంటి మాట ఆమె చెవిన పడడం అదే మొదటిసారి కాకపోవచ్చు. రెండోది, ఆంటీకి అది ముందే తెలుసని. పేజీ తిప్పడం వల్ల బయటపడింది ఇదే. తెలిసీ ఆ పుస్తకమే తీశారు, తెలిసీ దాచారు. మీరు తిప్పింది ఆ పిల్లను కాపాడదామనే, అందులో సందేహం లేదు. అది ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది, మీరు చెబితే తప్ప?

ముందు ఆ పిల్ల తల్లికి ఫోన్ చేయండి. పిల్ల ఇంట్లో చెప్పిందో లేదో మీకు తెలియదు. వాళ్లింట్లో ఇలాంటివి పిల్లలతో ఎలా మాట్లాడతారో అసలే తెలియదు. రెండు నిమిషాల్లో జరిగింది జరిగినట్టు చెప్పండి: ఏ పుస్తకం, అందులో ఏముంది, మీరేం చేశారు. తరవాత "మీకు అభ్యంతరం లేకపోతే పాపతో ఒకసారి మాట్లాడతాను" అని అడగండి. ఆవిడ కోప్పడితే వినండి. "అదేముంది లెండి" అని తేల్చేస్తే మాత్రం అంతా సర్దుకుపోయిందనుకోకండి. ఇలాంటివి తేలిగ్గా తీసిపారేయడం చాలామందికి ఏళ్ల తరబడి అలవాటైన కవచం. "వద్దు, మేం చూసుకుంటాం" అంటే అక్కడితో ఆగిపోవాలి.

పిల్లతో మాట్లాడే వీలు దొరికితే మూడు వాక్యాలు చాలు. "ఆ పేజీలో రాసింది అబద్ధం. అది అక్కడ ఉందని నాకు తెలుసు, అయినా ముందే చెప్పకుండా పేజీ తిప్పాను. అది నా తప్పు." అంతే. దీనికి రచయిత కాలం గురించి పాఠం జోడించారంటే ఆయన తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టే ఉంటుంది. "నీకు బాధేసిందా, నిజం చెప్పు" అని గుచ్చి గుచ్చి అడగొద్దు. "నన్ను క్షమించవా" అని అసలు అడగొద్దు, ఎందుకంటే అప్పుడు పదేళ్ల పిల్ల మిమ్మల్ని ఊరడిస్తూ "పర్లేదు ఆంటీ" అనాల్సి వస్తుంది. మీ అమ్మాయికి ఈ సంగతి నేర్పే పని కూడా ఆ పిల్ల మీద పెట్టకండి.

ఏమీ అనకుండా ఊరుకోవడమూ ఒక దారే. చాలామంది అదే చేస్తారు. కాలమే సర్దుతుందనుకుంటారు. నిజానికి సర్దుకునేది ఆ పిల్లే, మీ ఇంటికి రాకుండా.

ఇక మీ అన్నయ్య మాట. "అప్పటి రోజులే అంత" అన్నది ప్రతి ఇంట్లోనూ వినిపించే వాదన. అందులో సగం నిజం ఉంది కాబట్టే అది అంత గట్టిగా నిలబడుతుంది. మిగతా సగం చూడాలంటే ఆ రోజుల్లోకే వెళ్లాలి.

చార్లెస్ డికెన్స్ 'ఆలివర్ ట్విస్ట్' 1837-39 మధ్య ధారావాహికగా వచ్చింది. పిల్లదొంగల ముఠాను నడిపే ఫేగిన్‌ను కథ పొడుగునా పదేపదే "ఆ యూదుడు" అనే పిలుస్తారు. 1860లో డికెన్స్ తన లండన్ ఇల్లు అమ్మితే కొన్నది ఒక యూదు కుటుంబం. ఆ ఇంటి ఇల్లాలు ఎలైజా డేవిస్ 1863లో ఆయనకు ఉత్తరం రాసింది, మీరు మా జాతికి పెద్ద అన్యాయం చేశారని. డికెన్స్ మొదట ఒప్పుకోలేదు. ఆ కాలంలో ఆ తరహా నేరస్థులు దాదాపుగా యూదులేనని వాదించాడు. ఆవిడ మళ్లీ రాసింది. 1864లో మొదలుపెట్టిన 'అవర్ మ్యూచువల్ ఫ్రెండ్'లో రయా అనే మంచి యూదు వృద్ధుణ్ణి పెట్టాడు. 1867లో కొత్త ముద్రణ వేస్తూ 'ఆలివర్ ట్విస్ట్' తరవాతి అధ్యాయాల్లో "ఆ యూదుడు" అన్న మాటను చాలాచోట్ల కొట్టేసి, "ఫేగిన్" అనో "అతను" అనో మార్చాడు.

లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ' 1935లో వచ్చింది. అమెరికా పడమటి మైదానాల గురించి మొదట్లోనే ఒక మాట: అక్కడ మనుషులు లేరు, ఇండియన్లు (అంటే అమెరికా ఆదివాసులు) మాత్రమే ఉండేవారు అని. పదిహేడేళ్లు ఆ వాక్యం అలాగే అచ్చవుతూ వచ్చింది. 1952లో ఒక పాఠకుల ఉత్తరం ప్రచురణకర్తలకు చేరింది, ఇండియన్లు మనుషులు కారా అని. వైల్డర్ అది తన తెలివితక్కువ పొరపాటేనని ఒప్పుకుంది. 1953 ముద్రణ నుంచి "మనుషులు లేరు" అన్నచోట "స్థిరపడ్డవాళ్లు లేరు" అని మారింది.

మన సాహిత్యంలోకి వస్తే కందుకూరి వీరేశలింగం. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించినవాడు, ఆడపిల్లల చదువు కోసం బడి పెట్టినవాడు. ఆయనే 'ఆంధ్ర కవుల చరిత్రము'లో 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని దగ్గరకొచ్చేసరికి ఆమె వేశ్య అని ఎత్తిచూపి, ఆమె కావ్యం 'రాధికా సాంత్వనము' స్త్రీలు వినదగని బూతు అని తేల్చేశాడు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఊరుకోలేదు. తాళపత్ర ప్రతి సంపాదించి, పాఠం సరిచూసి 1910లో ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చువేయించింది. శృంగారం రాస్తే సిగ్గుపడాల్సింది ఆడవాళ్లేనా, మగకవులకు ఆ నియమం లేదా అని పీఠికలోనే నిలదీసింది. 1911లో ప్రభుత్వం ఆ ప్రతులను పట్టుకుపోయింది. నిషేధం తొలగేసరికి 1947 అయింది.

ఈ మూడు చోట్లా తప్పని చెప్పినవాళ్లు పుట్టింది మన కాలంలో కాదు. వాళ్లవీ అవే రోజులు. అచ్చులోకి ఎక్కే వీలు అందరికీ లేదు, అంతే తేడా. కాబట్టి మీ అన్నయ్య వాదనను ఇలా సరిచేసుకోవచ్చు: ఆ పేరా అన్నేళ్లు ఎవరూ ఆపకుండా ఎలా అచ్చయిందో కాలం చెబుతుంది. రాయక తప్పలేదని మాత్రం చెప్పదు. అదే కాలంలో వేరేలా రాసినవాళ్లు ఉన్నారా, ఎవరైనా ఎత్తిచూపినప్పుడు ఈయన ఏం చేశాడు, ఈ రెండూ తెలుసుకుంటే మీ రచయిత తన కాలం వెంట నడిచాడో, దానికన్నా వెనకబడ్డాడో తెలుస్తుంది. డికెన్స్ కొంత కదిలాడు. మీరు పంపిన వివరాలను బట్టి చూస్తే మీ రచయిత కదల్లేదు.

పుస్తకం విషయంలో ముందు తేల్చుకోవాల్సింది ఆ దురభిప్రాయం ఎక్కడ ఉందని. గోడ మీది మరకలా ఉందా, గోడే దానితో కట్టారా? వైల్డర్ వాక్యాన్నే మళ్లీ చూడండి. "మనుషులు" పోయి "స్థిరపడ్డవాళ్లు" వచ్చింది. అవమానం పోయింది. పక్కనే ఉన్న "ఇండియన్లు మాత్రమే ఉండేవారు" అలాగే ఉంది. ఆ మైదానం ఖాళీగా ఉంది, మనం వెళ్లి ఇల్లు కట్టుకోవచ్చు అన్న చూపు ఆ కథకు పునాది. ఒక్క మాట మార్చినంత మాత్రాన పునాది మారదు. డికెన్స్ పెట్టిన రయా అయితే ఇంకో పాఠం. చెడ్డ యూదుడికి బదులు తీర్చడానికి పుట్టించిన మంచి యూదుడు కాబట్టి అతనికి మంచితనం తప్ప మరో గుణం లేదు. ఫేగిన్‌కు ఉన్న ప్రాణంలో పదో వంతు కూడా లేదు. తప్పు దిద్దడం వేరు, మనిషిని చూడడం వేరు.

ఒక సాయంత్రం కేటాయించి మీ 11 పుస్తకాల్లో మీకు అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని పెన్సిలు పట్టుకుని చదవండి. ఆ వర్గంవాళ్లు కనబడిన ప్రతిచోటా మార్జిన్‌లో చిన్న గీత పెట్టండి. తరవాత గీతల దగ్గరికి తిరిగెళ్లి చూడండి. వాళ్లకు పేరుందా, లేక "ఆ నల్లవాడు", "ఆ ముసలిది" అనేనా? మాట్లాడతారా, మాట్లాడితే నవ్వు పుట్టించేలా వంకరటింకర భాష పెట్టాడా? కథలో ఎవరైనా వాళ్లను నమ్మి మోసపోకుండా బయటపడ్డారా? దొంగ ఎవరో మొదటి అధ్యాయంలోనే తెలిసిపోతోందా, అదీ ఒంటిరంగును బట్టో పేరును బట్టో? ఆఖరుగా, ఆ గీతలన్నీ చెరిపేస్తే కథ నడుస్తుందా? 200 పేజీల్లో మూడు గీతలుండి, తీసేసినా కథ నడిస్తే అది మరక. పాతిక గీతలుండి, కథ ముడి విడేదే "వాళ్లు అలాంటివాళ్లు కాబట్టి" అన్న నమ్మకం మీదైతే అది గోడ. పదకొండింటికీ ఒకే తీర్పు రాదు, దాదాపు ఖాయం. ఒకటి రెండు అలమరాలోంచి దిగిపోతాయి, నాలుగైదింటిలో వెతికినా ఏమీ దొరకదు, మిగతావి మధ్యలో ఊగుతాయి. మీవారు అన్నట్టు మొత్తం మూట కట్టేస్తే ఈ తేడా ఎప్పటికీ తెలియదు. మూట కట్టాలనిపిస్తే కట్టండి, తప్పేమీ లేదు. ఇవ్వడమంటే ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల చేతిలో పెట్టడమని మాత్రం గుర్తుంచుకోండి.

ఈ లెక్కకు లొంగని పుస్తకాలూ ఉన్నాయి. మార్క్ ట్వేన్ 'హకిల్‌బెరీ ఫిన్' బానిసత్వాన్ని ఎండగట్టిన నవల. నల్లజాతివాళ్లను తిట్టే ఒక మాట అందులో 200 సార్లకు పైగా వస్తుంది. పుస్తకం ఎవరి పక్షమో స్పష్టమే. అయినా తరగతిలో ఒకే ఒక్క నల్లపిల్ల ఉండి, మిగతావాళ్లు ఆ మాటను వంతులవారీగా పైకి చదువుతుంటే ఆ పిల్లకు ట్వేన్ ఉద్దేశం ఏ మాత్రం అడ్డుపడదు. పుస్తకం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న పక్కనే, ఎవరి ముందు, ఎంత గొంతుతో చదువుతున్నాం అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. మీ ఇంట్లో ఆ రాత్రి జరిగిందీ ఇదే. ముప్ఫై ఏళ్లు ఒంటరిగా చదువుకున్న పుస్తకమే, గదిలోకి ఒక మనిషి రాగానే వేరే పుస్తకమైపోయింది.

కొత్త ముద్రణ సంగతి. కొనే ముందు లోపలి కాపీరైట్ పేజీ చూడండి. "సవరించిన ముద్రణ", "సంక్షిప్తం", "పునర్ముద్రణ" వేరు వేరు. పునర్ముద్రణ అంటే సాధారణంగా పాత పాఠమే. సంక్షిప్తమంటే కథనే కుదించారు, ఆ పేరా పోయిందన్న హామీ లేదు, మంచి వర్ణనలు పోవడం మాత్రం ఖాయం. సవరించినదైతే ఎవరు సవరించారన్నది ముఖ్యం. బ్రిటిష్ పిల్లల రచయిత రోల్డ్ డాల్ 1964లో 'చార్లీ అండ్ ద చాక్లెట్ ఫ్యాక్టరీ'లో ఆ ఫ్యాక్టరీ పనివాళ్లైన ఊంపా లూంపాలను ఆఫ్రికా అడవుల నుంచి తెచ్చిన పిగ్మీలుగా రాశాడు. విమర్శలు వచ్చాక 1973 ముద్రణలో తనే మార్చాడు. రచయిత బతికుండగా చేసిన మార్పు అది. 1990లో ఆయన పోయాడు. 2023లో ప్రచురణకర్తలు ఆయన పుస్తకాల్లో వందలాది మాటలు మార్చారని బయటపడి గొడవైంది. దాంతో పాత పాఠం ఉన్న 17 పుస్తకాలను విడిగా కూడా ఉంచుతామని ప్రకటించారు. ఇప్పుడు రెండు పాఠాలూ ఉన్నాయి కాబట్టి ఏది కొంటున్నారో చూసి కొనాల్సిందే.

మరకల పుస్తకానికి సవరించిన ముద్రణ పనికొస్తుంది. పిల్లలు ఒంటరిగా చదువుకునే వయసులో మరీను. గోడే అలాంటిదైన పుస్తకానికి మాత్రం అది సున్నం కొట్టడం. తిట్టు పోతుంది, దొంగ ఎవరో ముందే తెలిసిపోయే అమరిక మిగులుతుంది. అప్పుడు పిల్లలకు వేలు పెట్టి చూపించడానికి కూడా ఏమీ ఉండదు. నా ఓటు, కథ నిలబడే పుస్తకాలకు కొత్త ముద్రణ, నిలబడనివాటికి పాతదే, అదీ పెద్దయ్యాక. మీ నాన్న కొన్న ప్రతులను మాత్రం కొత్తవి వచ్చాయని తీసేయకండి. ఏం మారిందో పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి అవే ఆధారం.

డబ్బు గురించి ఒక వాక్యం రాసి కొట్టేశారు, గీత కింద కనబడింది. కొంటే ఆయనకు మద్దతిచ్చినట్టా అని. రచయిత బతికుంటే కొన్న ప్రతి కొత్త ప్రతిలో ఆయనకు వాటా వెళుతుంది. పోయాక వారసులకో, హక్కులు కొన్న కంపెనీకో వెళుతుంది. కాపీరైట్ భారతదేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది, చాలా దేశాల్లో 70. పాత పుస్తకాల కొట్లో కొన్నా, లైబ్రరీలో తెచ్చుకున్నా, మీ అలమరాలో ఉన్నదే తీసినా కొత్తగా ఎవరికీ పైసా పోదు. మీ రచయిత పోయి చాలాకాలమైంది, కాబట్టి మీకు ఇది చిన్న విషయం. బతికున్న రచయిత, ఆ డబ్బునే ఆ అభిప్రాయాల ప్రచారానికి వాడుతుంటే అది వేరే ఉత్తరం.

రచయిత బయట అన్న మాటలు మిమ్మల్ని ఎక్కువ కలవరపెట్టాయని తెలుస్తోంది. ఇక్కడ కొంచెం విడదీసి చూడాలి. డాల్ 1983లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో యూదుల మీద విషం కక్కాడు. 2020లో కుటుంబం క్షమాపణ చెప్పింది. అలాగని ఆయన ప్రతి పిల్లల పుస్తకంలోనూ ఆ విషం వెతికితే దొరకదు. నార్వే రచయిత క్నుట్ హామ్సున్ తన నోబెల్ పతకాన్ని 1943లో హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్‌కు బహూకరించాడు. నోబెల్ తెచ్చిన నవల అంతకు పాతికేళ్ల ముందుది. కొన్నిసార్లు మాత్రం బయట తెలిసింది నేరుగా పుస్తకంలోకే నడిచొస్తుంది. కెనడా కథారచయిత్రి ఆలిస్ మన్రో 2024 మేలో పోయింది. తన చిన్నతనంలో సవతి తండ్రి చేసిన లైంగిక దాడి గురించి తెలిశాక కూడా తల్లి అతనితోనే ఉండిపోయిందని జులైలో కూతురు రాసింది. ఇంట్లో అందరికీ తెలిసీ ఎవరూ నోరు విప్పని రహస్యాల మీద మన్రో రాసిన కథల్ని ఇంతకుముందులా చదవడం ఇక కుదరదు. కథలు చెడిపోయాయని అనను. అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసిపోయింది. మీ రచయిత విషయంలో బయట అన్నదీ లోపల రాసిందీ ఒకటే కాబట్టి, జీవితం గురించి కొత్తగా తెలుసుకున్నదానివల్ల మీకు వచ్చిన నష్టం ఒక్కటే: "పొరపాటున రాశాడేమో" అనుకునే వీలు పోయింది.

వీరేశలింగం ఉదాహరణ మళ్లీ ఇక్కడ పనికొస్తుంది. దేవుడి పటం చేసి గోడకు తగిలించినవాణ్ణే మనం కింద పడేసి పగలగొడతాం. పటం కట్టకుండా ఉంటే, వితంతువుల కోసం ఊరంతటినీ ఎదిరించినవాడే ముద్దుపళని దగ్గర బోల్తాపడ్డాడని రెండూ ఒకే ఊపిరిలో చెప్పుకోవచ్చు.

మీ అమ్మాయికి చదవడం గురించి. మీ ముందు మూడు దారులున్నాయి. ఆపేసి, 13-14 ఏళ్లు వచ్చాక తనే చదువుకుంటుందని వదిలేయడం ఒకటి. సులువే, కానీ కథ సగంలో ఉంది, పుస్తకం చేతికందే ఎత్తులో ఉంది. ఈ నెలలోనే చదివేస్తుంది, అదీ మీరు పక్కన లేకుండా. వదిలేస్తూ, దాటేస్తూ చదవడం రెండోది. అదెలా బెడిసికొడుతుందో మీకు చెప్పక్కర్లేదు. దాటేసిన పేరాలో తరవాత పనికొచ్చే ఆనవాలు ఉంటే కథ తెగుతుంది, బొమ్మ ఉంటే దొరికిపోతారు. మూడోది ఆగి, మాట్లాడి, ముందుకు వెళ్లడం. పనెక్కువ.

మూడోదానికి వెళ్లేట్టయితే పగలే రెండు అధ్యాయాలు ముందుగా చూసుకోండి. ఆ చోట కాగితం ముక్క పెట్టుకోండి, రాత్రి తడబడకుండా. ఆ పేరా రాకముందే చెప్పండి, "ఇప్పుడు వచ్చేచోట ఈయన కొందరి గురించి అబద్ధం రాశాడు, విను, తరవాత మాట్లాడుకుందాం" అని. ముందు చెబితే పిల్ల చెవులు రిక్కించుకుని వింటుంది, తరవాత చెబితే సంజాయిషీలా ఉంటుంది. తిట్టుమాటైతే పైకి పలకనక్కర్లేదు, "ఇక్కడొక తిట్టుంది" అంటే చాలు. చదివాక ఒక్కటే ప్రశ్న వేయండి: "ఆ దొంగే ఈ కథ చెబితే ఎలా చెబుతాడు?" పదేళ్ల పిల్లలు దీనికి గంటసేపు జవాబు చెబుతారు. "ఇది వివక్ష కదూ?" అని అడిగితే "ఊఁ" అని ఊరుకుంటారు. రాత్రికి ఒక్కసారికి మించి ఆగకండి. రెండు సార్లు ఆగితే కథ చస్తుంది, మూడు సార్లు ఆగితే పుస్తకమంటేనే విసుగొస్తుంది. అంతకన్నా ఎక్కువసార్లు ఆగాల్సి వస్తోందంటే అది పడుకునే ముందు చదివే పుస్తకం కాదని అర్థం. ఆ స్నేహితురాలో, ఇంకెవరైనా పిల్లలో ఉన్న రాత్రి ఈ రచయితవి అసలు తీయొద్దు. మీ ఇంటి పిల్లకు పాఠం చెప్పడానికి ఇంకో ఇంటి పిల్లను వినమనకూడదు.

పక్కన ఇంకో పుస్తకం పెట్టండి, అవతలివాళ్లు తమ గురించి తాము రాసుకున్నది. నైజీరియా రచయిత చినువా అచెబె 1975లో ఒక ఉపన్యాసంలో ఆఫ్రికా గురించి జోసెఫ్ కాన్రాడ్ రాసిన 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' జాత్యహంకారపు నవల అని కుండబద్దలు కొట్టాడు. దాన్ని నిషేధించమని మాత్రం అనలేదు. చదవండి, పక్కన ఆఫ్రికావాళ్లు రాసినవీ పెట్టుకుని చదవండి అన్నాడు. అప్పటికి పదిహేడేళ్ల ముందే, 1958లో, తన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' వచ్చేసింది. తెలుగులో పాత పుస్తకానికి పుస్తకంతోనే బదులు చెప్పడం కొత్తేమీ కాదు. విశ్వనాథ సత్యనారాయణ 'రామాయణ కల్పవృక్షం' అంటే రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' అంది. రెండూ ఒకే అలమరాలో ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. ఏ పక్షమైనా సరే, రెండు వెన్నులూ ఆనుకుని కనబడుతుంటే ఒకటి తీసినప్పుడు రెండోది గుర్తొస్తుంది. మీ అమ్మాయి కోసం అలాంటి జోడీ వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ వర్గం పడిన కష్టాల పుస్తకమే ఇవ్వకండి. వాళ్ల పిల్లలు అల్లరి చేసేది, దొంగను పట్టుకునేది, తప్పిపోయి ఇల్లు చేరేది ఇవ్వండి. ఎప్పుడూ జాలిపడాల్సిన మనుషులుగానే కనబడడమూ ఒక రకం బొమ్మే.

ఇక ఇష్టం సంగతి. తప్పా అని అడిగారు. ఇష్టం అనేది మీరు ఈ నెల తీసుకున్న నిర్ణయం కాదు. ఎనిమిదేళ్ల వయసులో నాన్న గొంతు, జ్వరం, ఆ కథ అన్నీ కలిసి ముద్దకట్టినది. ఇప్పుడు విడదీయమంటే రాదు. తగ్గించుకోమని నేను చెప్పినా మీవల్ల కాదు. మీ చేతిలో ఉన్నది ఆ ఇష్టాన్ని ఎలా చూపిస్తారన్నది. "చాలా గొప్ప రచయిత, తప్పక చదవండి" అని ఎవరికైనా పుస్తకం చేతిలో పెట్టేటప్పుడు, "ఇందులో ఫలానా చోట ఇలా ఉంది" అని అదే నోటితో చెప్పగలగాలి. చెబుతుంటే మీకు ఇబ్బందిగా ఉంటే ఆ మనిషికి ఆ పుస్తకం ఇవ్వడం మానేయండి. ఒంటరిగా చదువుకునేటప్పుడు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, అయితే ఆ పేరా దగ్గర మునుపటిలా కళ్లు జారిపోవు. కథ నడక అక్కడ కాస్త కుంటుతుంది. కొన్ని పుస్తకాలు ఆ కుంటును తట్టుకుని మళ్లీ నడుస్తాయి, ఒకటి రెండు మీ చేతిలోనే ఆగిపోతాయి. ఏవి ఆగుతాయో ముందే చెప్పడం నావల్ల కాదు.

కథ ఇంకా నలభై పేజీలుందని రాశారు. మీ అమ్మాయి రోజూ అడుగుతోందనీ రాశారు. ఈ రాత్రికి కాదు, రేపు రాత్రికి చదువుతానని చెప్పండి. ఈ సాయంత్రం ఆ తల్లికి ఫోన్ చేయాలి కదా.